46 మంది పిల్లలు, 7 కంప్యూటర్లు: హైస్కూల్లో కంప్యూటర్ సైన్స్ ఎలా చెప్పాలి, బడిలోనూ ఫోన్లోనూ

మా బడి ల్యాబ్‌లో 11 సిస్టమ్‌లున్నాయి. ఆన్ అయ్యేవి 7. తొమ్మిదో తరగతిలో పిల్లలు 46 మంది. నేను లెక్కల మాస్టారిని. కంప్యూటర్ పీరియడ్ కూడా నాకే అంటగట్టారు, నేనూ వద్దనలేదు.

మొదటి ఏడాది నేనేం చేశానో చెబుతాను, మీరది చెయ్యకండి. 45 నిమిషాల పీరియడ్‌లో పిల్లలు ల్యాబ్‌కి వచ్చి, చెప్పులు విప్పి, సర్దుకుని కూర్చునేసరికి పది నిమిషాలు. సిస్టమ్‌లు బూట్ అవడానికి మరో ఐదు. ఒక్కోదాని చుట్టూ ఆరేడుగురు. బోర్డు మీద 12 లైన్ల ప్రోగ్రాం రాసి, కొట్టమన్నాను. ముందు కూర్చున్నవాడు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతుంటే వెనకవాళ్లు కిటికీలోంచి వాలీబాల్ చూశారు. గంట కొట్టేలోపు ఒక్క జట్టుకే రన్ అయింది. ఎలా అయిందని అడిగితే, "మీరు రాసిందే కొట్టాం సార్" అన్నారు.

సిస్టమ్‌లు తక్కువని ఆ ఏడంతా గొణుక్కున్నాను. తర్వాత అర్థమైంది, అసలు ఇబ్బంది వేరే. పిల్లల బుర్రలో ఏ ఊహా లేకుండా వాళ్లని మిషన్ ముందు కూర్చోబెట్టాను. ఇప్పుడు నా తరగతిలో ఒకటే నియమం. ఏం వస్తుందో ముందు నోట్‌బుక్‌లో రాయాలి, ఆ తర్వాతే రన్. ఈ నియమానికి మిషన్ ఎక్కువసేపు అక్కర్లేదు, అందుకే 7 సిస్టమ్‌లు సరిపోతున్నాయి. ఇంట్లో నాన్న ఫోన్ గంటసేపే దొరికే పిల్లకీ ఇదే పనికొచ్చింది.

మొదటి అడుగు: ఉన్నదెంతో లెక్క రాసుకోండి

జూన్‌లో బడి తెరిచిన వారంలోనే ఈ పని అయిపోవాలి. ఒక్కో సిస్టమ్‌కీ స్కెచ్ పెన్నుతో నంబర్ వెయ్యండి. ఏది ఆన్ అవుతుంది, దేనికి మౌస్ లేదు, ఏ యూపీఎస్ రెండు నిమిషాలకే కీచుమంటుంది, అన్నీ ఒక నోట్‌బుక్‌లో ఎక్కించండి. పాత విండోస్ 7 సిస్టమ్‌లైతే ఒక విషయం గుర్తుంచుకోండి. మనం నేర్పే ప్రోగ్రామింగ్ భాష పైథాన్ వాటిలో 3.8 వెర్షన్ వరకే ఎక్కుతుంది, 3.9 నుంచి ఎక్కదు. ఇది తెలియక నేను రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. లినక్స్ వేసుకోగలిగితే పాత సిస్టమ్‌లు కాస్త ఊపిరి పీల్చుకుంటాయి.

పిల్లలు రాయడానికి థానీ అనే ఉచిత ఎడిటర్ పెట్టండి. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో తయారైంది. పైథాన్ దానితోపాటే వస్తుంది, పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే నెట్ అక్కర్లేదు. ప్రోగ్రాం ఒక్కో అడుగు నడుస్తుంటే ఏ వేరియబుల్‌లో (విలువ దాచుకునే పేరులో) ఏముందో పక్కనే చూపిస్తుంది. నాకు నచ్చింది అదే.

రెండో లెక్క ఇళ్లలో ఫోన్లది. "మీ ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందా?" అని క్లాసులో చేతులెత్తించకండి. లేని పిల్లలు కూడా సిగ్గుపడి ఎత్తుతారు. చీటీ ఇచ్చి నాలుగు ప్రశ్నలు రాయించండి. ఫోన్ ఎవరిది, ఇంటికి ఎన్నింటికి వస్తుంది, నెట్ రీఛార్జ్ నెలంతా ఉంటుందా, పక్కింట్లో అడిగితే ఇస్తారా. ఈ చీటీలు దాచి ఉంచండి, ఆన్‌లైన్ పాఠం వచ్చినప్పుడు ప్లాన్ అంతా వీటి మీదే.

రెండో అడుగు: ఏం వదిలెయ్యాలో తేల్చుకోండి

మన ఎస్సెస్సీ పరీక్షలో కంప్యూటర్ పేపర్ లేదు. అందుకే పరీక్షలు దగ్గరపడితే మన పీరియడ్‌ని పక్క సబ్జెక్టు మాస్టార్లు లాగేసుకుంటారు (లెక్కల మాస్టారిగా నేనూ లాక్కున్నాను, ఒప్పుకుంటున్నాను). అయితే ఇందులో ఒక లాభం ఉంది. సిలబస్ పూర్తి చెయ్యాలన్న టెన్షన్ లేదు. సీబీఎస్ఈ ప్లస్ వన్, ప్లస్ టూలో 083 కోడ్ కంప్యూటర్ సైన్స్ చెప్పేవాళ్లకి ఈ వెసులుబాటు ఉండదు. వాళ్లకి థియరీ 70, ప్రాక్టికల్ 30 మార్కుల లెక్క ఉంటుంది.

ఏడాదికి గట్టిగా 30 పీరియడ్లు దొరుకుతాయనుకోండి. "కంప్యూటర్ తరాలు", "ఇన్‌పుట్ పరికరాలు, అవుట్‌పుట్ పరికరాలు" అనే పాఠాలు తీసి పక్కన పెట్టండి. మౌస్ ఇన్‌పుట్ పరికరమని బట్టీపట్టిన పిల్ల మౌస్ ముట్టుకోకుండానే బడి దాటిపోతుంది. నేను ఆరు పీరియడ్లు కంప్యూటర్ లేకుండా చెబుతాను. పది పీరియడ్లలో ప్రింట్, వేరియబుల్, ఇన్‌పుట్, ఇఫ్. మరో ఎనిమిది లూప్‌లకి, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడానికి. మిగిలినవి ప్రాజెక్టుకి. లిస్టులు కుదిరితే చెబుతాను, ఫంక్షన్లు పదో తరగతికి వాయిదా. ఆరు, ఏడు తరగతులకైతే స్క్రాచ్ చాలు. 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ విడుదల చేసిన ఆ బొమ్మల భాషకి ఆఫ్‌లైన్ వెర్షన్ కూడా ఉంది.

మూడో అడుగు: మొదటి నెల ల్యాబ్ తాళం తియ్యకండి

న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం వాళ్లు "సీఎస్ అన్‌ప్లగ్డ్" పేరుతో కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ సైన్స్ నేర్పే ఆటలు తయారుచేశారు. నేను అక్కడి నుంచే మొదలుపెట్టి, మన ఊరి సరుకు కలుపుకున్నాను.

మొదటి ఆట. 1 నుంచి 100 లోపు ఒక అంకె అనుకుంటాను, మీరు అడిగినదాని కంటే పెద్దదో చిన్నదో చెబుతాను. ఎన్ని ప్రశ్నల్లో కనుక్కుంటారు? పిల్లలు ముందు 37 అనీ 82 అనీ గాల్లో కొడతారు. కాసేపటికి ఎవరో ఒకరు 50 అంటారు. అక్కడి నుంచి దారి దొరుకుతుంది, ఏడు ప్రశ్నలు దాటదు. అప్పుడు 1,000 వరకు అయితే ఎన్ని కావాలో ఊహ రాయమంటాను. దాదాపు అందరూ 70 అని రాస్తారు. పదే చాలు. లక్ష వరకైనా 17 ప్రశ్నలే. "లక్ష పేర్ల ఓటర్ల జాబితాలో మీ తాతయ్య పేరు 17 చూపుల్లో దొరకాలంటే ఆ జాబితా ఎలా ఉండాలి?" అని అడగండి. అక్షర క్రమంలో అన్న జవాబు వాళ్ల నోటి నుంచే వస్తుంది.

రెండోది ప్రేయర్ దగ్గర. ఎనిమిది మందిని నిలబెట్టి, పక్కపక్కన ఇద్దరిద్దరినే పోల్చి ఎత్తు ప్రకారం సర్దమంటాను. ఏ జతనీ రెండోసారి పోల్చనక్కర్లేకుండా చేసినా, ఎక్కువలో ఎక్కువ 28 పోలికలు. 16 మందైతే? అందరూ 56 అంటారు, వచ్చేది 120. పని రెట్టింపు కాదు, నాలుగింతలకు పైనే అయిందని చూసి నోళ్లు వెళ్లబెడతారు. ఆ ఆశ్చర్యం కోసమే ముందు ఊహ రాయించేది.

మూడోది అట్టముక్కలు. ఐదుగురు పిల్లలకి 16, 8, 4, 2, 1 రాసిన అట్టలు ఇచ్చి వరసగా నిలబెట్టండి. 19 కావాలంటే 16, 2, 1 వాళ్లు అట్ట చూపిస్తారు, మిగతావాళ్లు తిప్పేస్తారు. అంకెల్ని రెండే గుర్తులతో రాసే బైనరీ పాఠం అయిపోయింది. ఇంకేం చెప్పనక్కర్లేదు.

నాలుగో అడుగు: ల్యాబ్ పీరియడ్‌ని ముక్కలు చెయ్యండి

గంట కొట్టేలోపు సిస్టమ్‌లు ఆన్‌లో ఉండాలి. దీనికి నలుగురు పిల్లల్ని సిస్టమ్ లీడర్లుగా పెట్టాను. ఇంటర్వెల్‌లో వాళ్లు వెళ్లి ఆన్ చేసి, థానీ తెరిచి ఉంచుతారు. పిల్లల చేతికి ఇస్తే పాడుచేస్తారని స్టాఫ్ రూమ్‌లో భయపెట్టారు. కేరళలో 2018 నుంచి హైస్కూళ్లలో లిటిల్ కైట్స్ అని పిల్లల ఐటీ క్లబ్బులే నడుస్తున్నాయి, మనకెందుకు భయం అన్నాను.

46 మందినీ ఒకేసారి ల్యాబ్‌లో కూర్చోబెట్టను. సగం మంది సిస్టమ్‌ల దగ్గర, సగం మంది అదే గదిలో చాప మీద. సిస్టమ్ దగ్గర ముగ్గురు, రెండు చోట్ల నలుగురు. ఒకరు కొడతారు, ఒకరు చెబుతారు, ఒకరు నోట్‌బుక్‌లో రాస్తారు. చెప్పేవాళ్ల చెయ్యి కీబోర్డుకి తగలకూడదు. తగిలితే జట్టు మొత్తం ఒక నిమిషం చేతులు కట్టుకోవాలి. ఏడు నిమిషాలకోసారి ఈల వేస్తాను, స్థానాలు మారతాయి. ఈ ఈల లేకపోతే చురుగ్గా ఉన్న కుర్రాడు కీబోర్డు వదలడు, ఆడపిల్లలు ఏడాదంతా నోట్‌బుక్ పట్టుకునే ఉంటారు. మా బడిలో సరిగ్గా ఇదే జరిగింది.

చాప మీద కూర్చున్నవాళ్లకి కాగితపు పట్టీలు. ఆరేడు లైన్ల ప్రోగ్రాంని ఒక్కో లైనూ ఒక్కో పట్టీగా కత్తిరించి, కలిపేసి ఇస్తాను. సరైన వరుసలో పేర్చాలి. లూప్ లోపలి లైనైతే పట్టీని వేలెడంత కుడికి జరపాలి. ఒక తప్పు పట్టీ కూడా కలుపుతాను, దాన్ని పక్కన పడెయ్యాలి. డేల్ పార్సన్స్, ప్యాట్రీషియా హేడన్ అనే ఇద్దరు న్యూజిలాండ్ ఉపాధ్యాయులు 2006లో తెచ్చిన పద్ధతి ఇది, వాళ్లలో మొదటివారి పేరు మీదే పార్సన్స్ ప్రాబ్లమ్స్ అంటారు. టైపింగ్ రాని పిల్ల కూడా ప్రోగ్రాం కట్టగలదు. పైగా ఖర్చు ఒక జిరాక్స్ కాగితం.

సిస్టమ్ దగ్గర వరుస ఇలా ఉంటుంది. నేను రాసిన చిన్న ప్రోగ్రాం ఫైల్ అక్కడ ముందే ఉంటుంది. ఏం వస్తుందో మూడు నిమిషాల్లో రాస్తారు. రన్ చేస్తారు. అనుకున్నది రాకపోతే ఎందుకో వెతుకుతారు. ఒక అంకె మార్చి చూస్తారు. ఆఖరికి సొంతంగా రాస్తారు. ఇంగ్లండ్‌లో సూ సెంటెన్స్ బృందం దీన్ని ప్రిమ్ పేరుతో ఒక పద్ధతిగా తయారుచేసింది. అయిదు మెట్లూ ఒకే పీరియడ్‌లో ఎక్కించాలని చూడకండి. సొంతంగా రాయడం చాలాసార్లు వచ్చే వారానికే కుదురుతుంది.

ఐదో అడుగు: లూప్‌కి ముగ్గు

లూప్ దగ్గర ఆగి కాస్త వివరంగా చెబుతాను. 1 నుంచి 10 వరకు అంకెలు ప్రింట్ చేయించడంతో అందరూ లూప్ మొదలుపెడతారు. పిల్లలకి అందులో రుచి ఉండదు. ధనుర్మాసంలో మా ఊరి వాకిళ్లు చూసి నాకు ఈ ఆలోచన వచ్చింది. "7 చుక్కలు, సందు చుక్క 4 వరకు" అని ఆడపిల్లలు ఒకరికొకరు చెప్పుకునే మాటే ఒక ప్రోగ్రాం. ఎక్కడ మొదలు, ఎక్కడ ఆగాలి, అడుగడుక్కీ ఎంత తగ్గాలి, మూడూ అందులోనే ఉన్నాయి.

ముందు ల్యాబ్ బయట వరండాలో చాక్‌పీస్‌తో పెట్టించాను. మగపిల్లలు ఇబ్బందిగా నవ్వుతూ నిలబడ్డారు. ముగ్గు తెలిసిన పిల్ల చెప్పాలి, తెలియని పిల్లవాడు పెట్టాలి అన్నాను. "సందులో పెట్టు" అంది ఒక పిల్ల. "ఏ సందులో?" అన్నాడు వాడు. చెప్పే మాట ఎంత కచ్చితంగా ఉండాలో ఇద్దరికీ అక్కడే తెలిసొచ్చింది. మొత్తం చుక్కలెన్నో ముందు రాయమన్నాను. 7, దానికి రెండు వైపులా 6, 5, 4 చొప్పున, మొత్తం 37.

తర్వాత తెర మీదికి. పై సగం ఇలా రావాలి.

   • • • •
  • • • • •
 • • • • • •
• • • • • • •

నియమం పిల్లలే కనుక్కున్నారు. వరుసలో ఎన్ని చుక్కలుంటే 7 లోంచి అది తీసేసినన్ని ఖాళీలు ముందు రావాలి, ఆపైన "చుక్క, ఖాళీ" జంట అన్నిసార్లు. చుక్కలు 4 నుంచి 7 వరకు పెరిగి, మళ్లీ 6 నుంచి 4 వరకు తగ్గాలి. లూప్ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా తిరగాలో చెప్పే రేంజ్‌లో మూడు జట్లు 4, 7 అని రాశాయి. పైథాన్ రేంజ్ చివరి అంకెకి ముందే ఆగిపోతుంది కాబట్టి 6 చుక్కల వరుస రెండుసార్లు వచ్చి, నడుమ 7 చుక్కల వరుస రాలేదు. "సార్, నడుము పోయింది!" అని ఒక జట్టు అరిచింది. రేంజ్ చివరి అంకెను కలుపుకోదని నేను నాలుగేళ్లు నోటితో చెప్పాను, ఎవరికీ గుర్తుండలేదు. నడుము పోయిన ముగ్గు చూశాక ఆ తరగతిలో ఒక్కరూ ఆ తప్పు మళ్లీ చెయ్యలేదు అంటే అబద్ధమవుతుంది. కానీ చేసినవాళ్లు తామే కనుక్కుని 8 అని దిద్దుకున్నారు.

చివర్లో ఎదురు చుక్క. 7తో మొదలై 5, 3, 1. ఖాళీల నియమం అదే, మారేవి అడుగు, ఆగే చోటు మాత్రమే. 1కి బదులు 2, ఆగేది 4 దగ్గర కాకుండా 1 దగ్గర. ముందే రాసిన ఊహ ప్రకారం చుక్కలు 25 రావాలి, వచ్చాయి.

ఆరో అడుగు: తెలుగులో ఎంత, ఇంగ్లీషులో ఎంత

ఆదేశాలు ఇంగ్లీషువే, వివరణ తెలుగులోనే. దీని మీద నాకు రెండో మాట లేదు. అయితే గుర్తుల్ని చదివే తీరు మాత్రం మార్చాలి. ఎక్స్ = ఎక్స్ + 1 అని బోర్డు మీద రాసిన రోజు ఒకడు లేచాడు. "సార్, మీరే కదా చెప్పారు, రెండు వైపులా ఎక్స్ కొట్టేస్తే 0 = 1 వస్తుంది. ఇది తప్పు." వాడు చెప్పింది సరైనదే, లెక్కల మాస్టారికి తన చెప్పుతోనే దెబ్బ పడింది. ఆ రోజు నుంచి ఒక్క గీతల జంటని (=) "సమానం" అని చదవను. "కుడి పక్కది ముందు తేల్చు, వచ్చినదాన్ని ఎడమ పక్క పేరులో పెట్టు" అంటాను. రెండు జంటలుంటే (==) "సమానమా?" అని ప్రశ్నలా చదువుతాం. నోట్‌బుక్‌లో ఒక్కో వేరియబుల్‌కి ఒక గడి గీసి, కొత్త విలువ వచ్చినప్పుడల్లా పాతదాన్ని కొట్టేయించండి. పాత విలువ పోతుందన్న సంగతి చాలామందికి ఆ గీత గీస్తేనే ఎక్కుతుంది.

వేరియబుల్ పేర్లు పైథాన్ 3లో తెలుగు అక్షరాలతో పెట్టుకోవచ్చు. "మార్కులు", "వయసు" అని పెట్టినప్పుడు పిల్లల మొహాలు చూడాలి. ఒక చిక్కుంది. "స్కోర్‌లు" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కీబోర్డు కంటికి కనబడని ఒక గుర్తు పెడుతుంది, పైథాన్ దాన్ని పేర్లలో ఒప్పుకోదు. ఎర్రర్ వస్తుంది, చూస్తే తప్పేమీ కనబడదు. అలాంటి మాటలు పేర్లుగా వద్దు.

ఇక్కడే ఇంకో ఊహ ఆట ఉంది. "తెలుగు" అనే మాట పొడవెంత అని పైథాన్‌ని అడిగితే ఏమంటుంది? అందరూ 3 అని రాస్తారు, అది 6 అంటుంది. త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం, అన్నిటినీ విడివిడిగా లెక్కపెట్టింది. ప్రతి అక్షరానికీ, గుర్తుకీ ఒక నంబర్ ఇచ్చే యూనికోడ్ గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి తలుపు నాకు దొరకలేదు. అలాగే "అ" నంబరెంతో అడిగితే 3077 అంటుంది. తమ పేరుని నంబర్లుగా రాసుకుని పిల్లలు వారమంతా ఆడుకున్నారు.

ఎర్రర్‌లకి గోడ మీద ఒక చార్ట్ పెట్టండి. చివరి లైన్ ముందు చదవాలి, పైన ఉన్న లైన్ నంబర్ తర్వాత చూడాలి. నేమ్ ఎర్రర్ అంటే ఆ పేరు నాకు తెలీదు అని. ఇండెంటేషన్ ఎర్రర్ అంటే పట్టీ జరపడంలో తేడా. ఇన్‌పుట్‌లో 5, 5 తీసుకుని కలిపితే 10కి బదులు 55 వస్తే అది ఎర్రర్ కూడా ఇవ్వదు. ఇచ్చిన అంకెని అది అక్షరంగా తీసుకుంది, దాన్ని అంకెగా మార్చే ఇంట్ పెట్టాలి. ఈ 55ని కావాలనే ఒకసారి తెప్పించండి.

ఏడో అడుగు: పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు

2020లో బడులు మూతపడ్డాక తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ చానళ్లలో పాఠాలొచ్చాయి. ఫోన్ లేని ఇంటికీ టీవీ చేరింది, అది చిన్న విషయం కాదు. కానీ టీవీని ప్రశ్న అడగలేం, ప్రోగ్రాం మీద చెయ్యి పెట్టలేం. ఇప్పుడు కరోనా లేకపోయినా తుపాను సెలవులు, దసరా, సంక్రాంతి, నేను ట్రైనింగ్‌కి వెళ్లిన వారాలు ఉంటాయి. అందుకే దూరపు పాఠం అలవాటు తప్పనివ్వను.

మొదట్లో నేనూ వీడియో క్లాసు పెట్టాను. ఉదయం 11 గంటలకి. 46 మందిలో తొమ్మిది మంది వచ్చారు, అందులో ఇద్దరు తమ్ముళ్లు. ఫోన్ నాన్నతో పొలానికో, ఆటో మీదో వెళ్లిపోయిన వేళ అది. తప్పు పూర్తిగా నాదే. జూన్‌లో రాయించిన చీటీలు బీరువాలో ఉన్నాయి, నేను చూడలేదు.

ఇప్పుడు ఇలా నడుపుతాను. సాయంత్రం ఆరున్నరకి వాట్సాప్‌లో ఐదారు లైన్ల ప్రోగ్రాం ఫొటో, దానితో రెండు మూడు నిమిషాల వాయిస్. ఏం వస్తుందో రాసి ఎనిమిదిన్నర లోపు నోట్‌బుక్ ఫొటో నాకు మాత్రమే పంపాలి. గ్రూపులో పెడితే మొదటివాడి జవాబే 20 మంది కాపీ కొడతారు. తొమ్మిదింటికి అసలు జవాబు పంపుతాను, ఎక్కువమంది ఎక్కడ పొరబడ్డారో పేర్లు లేకుండా చెబుతాను. మరునాడు ఫోన్ దొరికినవాళ్లు దాన్ని మార్చి రన్ చేస్తారు. నెట్ లేకుండా నడిచే పైడ్రాయిడ్ 3 యాప్ ఆండ్రాయిడ్‌లో బాగానే పనిచేస్తుంది. బడి ఉన్న చివరి రోజే ఎక్కించి పంపండి.

ఫోన్లో మూడు ఉచ్చులున్నాయి. కీబోర్డు మొదటి అక్షరాన్ని తనంతట తాను పెద్దక్షరం చేస్తుంది. చిన్న పీతో మొదలవ్వాల్సిన ప్రింట్ పెద్ద పీతో వస్తే నేమ్ ఎర్రరే. సెట్టింగ్స్‌లో ఆ ఆటో క్యాపిటల్, ఆటో కరెక్ట్ రెండూ తీయించండి. రెండోది కోట్ గుర్తులు. కొన్ని యాప్‌ల నుంచి కాపీ చేస్తే నిలువు కోట్స్ వంకర కోట్స్ అయిపోతాయి, పైథాన్ తీసుకోదు. మూడోది వాట్సాప్ చేసే సోకు. మాటకి రెండు వైపులా నక్షత్రం గుర్తుంటే దాన్ని మింగేసి అక్షరాలు లావు చేస్తుంది, గుణకారం గుర్తు గల్లంతు. అందుకే ప్రోగ్రాంని మెసేజ్‌గా పంపకండి. చదవడానికి ఫొటో, రన్ చెయ్యడానికి డాక్యుమెంట్‌గా ఫైల్.

స్మార్ట్‌ఫోన్ లేని పిల్లలకి వీధి జట్లు కట్టాను, నాలుగిళ్లకి ఒక ఫోన్. అదీ కుదరని ఐదుగురికి పట్టీల కాగితాలు కవర్లో పెట్టి ముందే ఇచ్చాను. వారానికి రెండుసార్లు మామూలు కాల్ చేసి, "మూడో పట్టీ ఏది పెట్టావమ్మా?" అని అడిగేవాణ్ణి. నిజం చెప్పాలంటే, ప్రోగ్రాం చదవడం ఆ ఐదుగురికే బాగా వచ్చింది.

ఒక జాగ్రత్త. గ్రూపులో చేరిస్తే ఆడపిల్లల ఇంటి నంబర్లు అందరికీ కనిపిస్తాయి. తల్లిదండ్రులకి అది నచ్చదు, వాళ్లు అనుకునేది న్యాయమే. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడండి. అయితే మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది, కాబట్టి ముందే చేయించండి. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత పిల్లలకి మెసేజ్ పెట్టకండి, వచ్చినా జవాబివ్వకండి.

లైవ్ క్లాసు తప్పనిసరైతే అరగంట మించొద్దు. తెర మీది అక్షరాలు మీ కంటికి వెకిలిగా కనిపించేంత పెద్దవి చెయ్యండి, అవతల ఆరంగుళాల ఫోన్లో నలుగురు చూస్తున్నారు. స్లైడ్లు వద్దు, అప్పటికప్పుడు కొట్టి చూపించండి, తప్పులూ చెయ్యండి. ప్రశ్న అడిగి, "చాట్‌లో రాసి ఉంచండి, నేను చెప్పేదాకా పంపకండి" అనండి. ఒకటి, రెండు, మూడు అనగానే అందరూ ఒకేసారి పంపుతారు, ఎవరి ఊహ వాళ్లదే. సగం మంది బడిలో, సగం మంది ఫోన్లో ఉండగా ఒకేసారి చెప్పమని ఎవరైనా అంటే కుదరదని చెప్పండి. నేను చేశాను, రెండు చోట్లా పాఠం చెడింది.

ఎనిమిదో అడుగు: వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

రాసి తెచ్చిన ప్రోగ్రాంకి మార్కులు వెయ్యకండి. అన్నయ్య రాశాడో, ఫోన్లోని ఏఐ రాసిందో మనకి తెలీదు. ఏఐని తిట్టి లాభం లేదు. పిల్లని పక్కన నిలబెట్టి రెండు నిమిషాలు తన ప్రోగ్రాం చదవమనండి, ఒక అంకె మార్చి "ఇప్పుడేం వస్తుంది?" అనండి. ఎవరు రాసినా, అర్థమైనవాళ్లు చెప్పగలరు. దీనికి నోట్‌బుక్‌లోని ఊహలూ తోడు. తప్పు ఊహకి మార్కు తగ్గించను, ఊహ రాయకపోతేనే తగ్గిస్తాను. మొదట్లో తగ్గించేవాణ్ణి, అప్పుడు పిల్లలు రన్ చేసి చూసి, వెనక్కొచ్చి ఊహ రాయడం మొదలుపెట్టారు.

ప్రాజెక్టు బడిలోంచే తీయండి. మా పిల్లలు మధ్యాహ్న భోజనం లెక్క కట్టారు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి తలకి 150 గ్రాముల బియ్యం. హాజరు ఇస్తే ఎన్ని కిలోలో ప్రోగ్రాం చెప్పాలి. 132 మందికి ఒక జట్టు ప్రోగ్రాం 19,800 కిలోలు అంది. 1,000తో భాగించడం మర్చిపోయారు. వాళ్లకి నేనేం చెప్పలేదు, వంటగదికి వెళ్లి అంత బియ్యం ఉందేమో కనుక్కు రమ్మన్నాను. వంట చేసే అమ్మ నవ్వి, "నాయనా, లారీ తేవాలి" అందట. తిరిగొచ్చి రెండు నిమిషాల్లో 19.8 చేశారు.

తొమ్మిదో అడుగు: ఏప్రిల్‌లో తాళం వేసే ముందు

పిల్లల ఫైళ్లు రెండు పెన్‌డ్రైవ్‌ల్లోకి ఎక్కించి, ఒకటి హెచ్ఎం గదిలో పెట్టండి. వేసవి సెలవుల్లో ఎలుకలు ముందు మౌస్ వైర్ల మీదే పడతాయి. మౌస్‌లూ కీబోర్డులూ ఊడదీసి, నంబర్ చీటీ కట్టి, ఇనప బీరువాలో పెట్టాలి. మెయిన్ స్విచ్ ఆపండి, యూపీఎస్ వైర్లు తీసెయ్యండి. జూన్‌లో రాసిన నోట్‌బుక్‌లోనే ఆ ఏడాది ఏది చెడిందో రాసి, కొత్త సిస్టమ్ లీడర్లుగా ఎనిమిదో తరగతి పిల్లలిద్దర్ని ఎంచి, పాతవాళ్లతో ఒక పూట కూర్చోబెట్టండి. మా బడిలో ఆ పూటే నంబర్ 9 సిస్టమ్ మళ్లీ ఆన్ అయింది. లోపల ర్యామ్ వదులైందట, ఒక పిల్ల తీసి, రబ్బరుతో తుడిచి పెట్టింది. ఇప్పుడు 8 పనిచేస్తున్నాయి.